రెండో నంబరు బొత్తం

సెప్టెంబరు వచ్చింది. జొంగుల్దాక్ మీద
నల్ల సముద్రం నుంచి తొలి ముసురు.
టీవీలో కొత్త సీజన్.
వేసవంతా పాత ఎపిసోడ్లే నమిలి
దవడలు నొప్పెట్టి ఉన్నాం.
టీ పొయ్యి మీద పెట్టి కూర్చున్నాం.

సోమవారం చూశాను.
మళ్లీ బోస్ఫరస్ ఒడ్డు మేడ, మళ్లీ ఆ మెట్లే.
కొత్త కోడలు కిందికి దిగడానికి పదకొండు నిమిషాలు.
గోడ గడియారం చూసే చెబుతున్నా.
నా మోకాళ్లక్కూడా అంత పట్టదు.
అత్తగారు నిద్రలోనూ ముత్యాలదండ తీయదు.
ఆ ఇంట్లో ఒక్కరూ గిన్నె కడగగా చూడలేదు.

మంగళవారం డాక్టరు.
అందగాడే, కాదనను.
కానీ ప్రేమించానని చెప్పడానికి
ఆపరేషన్ మధ్యలోనే దొరికిందా తీరిక?
రోగి పొట్ట ఇంకా తెరిచే ఉంది.
"కుట్టు ముందు, కబుర్లు తర్వాత!" అని
బిన్నాజ్ కేకేసింది
టీవీకి వినపడుతుందన్నట్టు.

నిజానికి వినపడుతుంది.
ఎవరికీ చెప్పకూడదు ఈ సంగతి.
మా టీవీ వెనక చిన్న పెట్టె ఉంది.
రెండేళ్ల కిందట అంకారా నుంచి ఒక కుర్రాడొచ్చి
బిగించి, సంతకాలు తీసుకుని పోయాడు.
బిన్నాజ్‌ది ఒకటో నంబరు, నాది రెండు,
అతిథులకి తొమ్మిది.
కూర్చుంటే నొక్కాలి, లేస్తే నొక్కాలి.
మా ఇద్దరం ఎన్ని వేల మందికి సమానమో
అడిగితే నవ్వాడే గాని చెప్పలేదు.
పై వాటా ఫెర్దానే వచ్చినప్పుడల్లా
దిండు సర్దే నెపంతో తొమ్మిది నొక్కుతాను.
మా సోఫాలో ఆమె ఒక చిన్న ఊరంత అని
పాపం, ఆమెకే తెలియదు.

లెక్క నాకు కొత్త కాదు.
ముప్పై ఒక్కేళ్లు గని దగ్గర దీపాల గదిలో పనిచేశాను.
దిగే ప్రతివాడికీ ఒక దీపం.
దీపం కొక్కేనికి తిరిగొస్తే
మనిషి తిరిగొచ్చినట్టు.
రాకపోతే,
ఆ రోజు టీ ఎవరూ తాగేవారు కాదు.

బుధవారం గని మీద కొత్త సీరియల్.
ఊరంతా ఎదురుచూసింది.
కాఫీ కొట్లలో పేకముక్కలు బోర్లా పెట్టేశారు.
షిఫ్టు దిగి హీరో వచ్చాడు.
చెంప మీద రెండువేళ్ల మసి,
పెళ్లికొడుకు బుగ్గచుక్కలా.
కళ్లు మాత్రం తళతళ.

మేకప్ వేసిన అమ్మాయీ,
చెంప మీది మసి కడిగితే పోతుందమ్మా.
పోనిది రెప్పల మొదట్లో ఉంటుంది.
సబ్బుకీ లొంగదు, నిమ్మ కొలోన్‌కీ లొంగదు.
శుక్రవారం నమాజులో, పెళ్లిళ్లలో, పిల్లల బడిలో
మా మగాళ్లందరూ కాటుక దిద్దుకున్నట్టే ఉండేవాళ్లు.
పొరుగూళ్ల వాళ్లు నవ్వేవాళ్లు.
దీపం ఇచ్చేటప్పుడు నేను
పేరు అడిగేవాణ్ణి కాదు, కళ్లు చూసేవాణ్ణి.

ఆపైన వాడు
నెత్తిమీద దీపం ఆర్పకుండానే పిల్లని ముద్దు పెట్టుకున్నాడు.
ఆ వెలుగుకి ఆమె చూపేం కాను!

బిన్నాజ్ నన్ను చూసింది.
నేను రిమోట్‌ని చూశాను.
లేచి, రెండు నొక్కి, వంటింట్లోకి పోతే చాలు.
నాలాంటి వాళ్లు వందమంది పోతే
ఆరో వారానికల్లా బిచాణా ఎత్తేస్తారు.
బొటనవేలు బొత్తం మీదే ఉంది.

అప్పుడు చూపించారు దీపాల గదిని.
మూడు క్షణాలు, అంతే.
ఎవరో ముసలాయన, వీపే కనబడింది,
పేరు కూడా వేసి ఉండరు.
ఒక కొక్కెం ఖాళీ.
ఆయన పక్క దీపాన్ని కాస్త ఇటు జరిపాడు
ఖాళీ కనబడకుండా.

అది ఏ రచయితా రాసింది కాదు.
ఎవరూ చెప్పి చేయించింది కాదు.
ఎవరివయ్యా నువ్వు? ఏ గని?

గురువారం పాటల పోటీ. దాని గురించి మాట్లాడను.

ఇప్పుడు రాత్రి పన్నెండు దాటింది.
గని సీరియల్ అయిపోయి పేర్లు పరుగెడుతున్నాయి,
కళ్లద్దాలు పెట్టుకుని వెతికినా అందడం లేదు.
బిన్నాజ్ ఎప్పుడో కునుకు తీసింది.
నిబంధన ప్రకారం ఆమె ఒకటి ఆర్పెయ్యాలి.
పెట్టె మీద రెండు ఎర్ర చుక్కలు.
వెలగనిచ్చాను.